ఐదింటికి గ్రౌండ్‌కి రండి సార్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మన బడిలో కబడ్డీకి జట్లు వేసుకునేటప్పుడు చివరికి మిగిలేది నేనే. అలాంటి నేను చాలా ఏళ్లు ఒక క్రీడా పాఠశాలలో లెక్కలు చెప్పాను. ఆ అనుభవం చెప్పమన్నారు.

హకీంపేటలో 1993లో మొదలైన క్రీడా పాఠశాల గురించి మీరు వినే ఉంటారు. అలాంటి బడుల్లో పిల్లల్ని నాలుగో తరగతిలోనే చేర్చుకుంటారు. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల పరుగు, నిలబడి లాంగ్‌జంప్, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు పెడతారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు అమ్మానాన్నల్ని వదిలి హాస్టల్లో ఉంటారు. పొద్దున, సాయంత్రం శిక్షణ. మధ్యలో మన చదువే, మన పదో తరగతి పరీక్షే.

నేను చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె నా మొదటి పీరియడ్‌లో రోజూ నిద్రపోయేది. ప్రోగ్రెస్ కార్డులో "చదువు మీద శ్రద్ధ లేదు" అని రాశాను. సెలవులకు తీసుకెళ్లడానికి వాళ్ల నాన్న వచ్చాడు. కార్డు చేతిలో పట్టుకుని, "ఇంటికి తీసుకుపొమ్మంటారా సార్?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ సంగతి కోచ్‌కి చెప్తే, "బడి తెరిచాక ఒకరోజు ఐదింటికి గ్రౌండ్‌కి రండి సార్" అన్నారు. వెళ్లాను. నేను కాఫీ తాగే వేళకి ఆ పిల్ల ఎన్ని రౌండ్లు కొట్టిందో చూశాను. మర్నాడే హెడ్మాస్టర్ గారిని అడిగి, లెక్కల పీరియడ్ మధ్యాహ్నానికి మార్పించుకున్నాను.

స్టాప్‌వాచ్ క్లాసుకి తెచ్చాను. ఆ అమ్మాయి 800 మీటర్లు 160 సెకన్లలో పరిగెత్తింది. మొదటి 400కి 72 సెకన్లు, రెండో 400కి 88. సగటు వేగం సెకనుకు 5 మీటర్లు. రెండు రౌండ్ల వేగాలు విడివిడిగా కట్టి, కలిపి సగం చేస్తే 5.05 వస్తుంది. "ఎందుకు తేడా వచ్చింది సార్?" అని అడిగింది ఆ నిద్రపోయే పిల్లే. నెమ్మదిగా పరిగెత్తిన రౌండ్‌లో ఎక్కువసేపు ఉన్నావు కదమ్మా అన్నాను. మళ్లీ నా క్లాసులో నిద్రపోలేదు.

పోటీలకు వెళ్లి పది రోజులు పాఠాలు పోతే, తిరిగొచ్చాక సాయంత్రం స్టడీ అవర్‌లో కూర్చోబెట్టి చెప్పేవాణ్ణి. పదో తరగతిలో ఆమెకు మోకాలు దెబ్బతింది. పరుగు ఆగింది. పరీక్ష మాత్రం ఆగలేదు. ఇప్పుడు పీఈటీగా పనిచేస్తోంది.

కానీ అందరి కథా ఇలా ముగియలేదు. అంతకు ముందు ఏడాది తొమ్మిదో తరగతి అబ్బాయికి భుజం జారి, ఇంటికి వెళ్లిపోయాడు. వాడికి అప్పటికి భిన్నాలు కూడా సరిగా రావు. పతకం తేలేడని తెలిశాక ఎవరమూ వాడి కోసం వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. ఇన్నేళ్లయినా ఆ తప్పు నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

పతకం కొద్దిమందికే వస్తుంది. మిగిలినవాళ్లకు మిగిలేది బడి చెప్పిన చదువే. అది వాళ్లకు అందే వేళలో చెప్పడం మన పని.

మన సంఘం ఏటా మొదటి ర్యాంకుకి బహుమతి ఇస్తోంది. మంచిదే. ఈ స్వర్ణోత్సవ సంవత్సరం నుంచి, ఆటల పోటీలకు వెళ్లి పాఠాలు పోగొట్టుకున్న మన బడి పిల్లలకు సాయంత్రం క్లాసులు కూడా పెడదాం. లెక్కలు నేను చెప్తాను.

సెలవు.