యంత్రానికీ కాంటా పరీక్ష
(నిజామాబాద్‌లో విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ గురించి ఈ గుమాస్తాకేం తెలుసునని మీరనుకోవచ్చు. నిజమే, ప్రోగ్రాం రాయడం నాకు రాదు. కాని ఒక ప్రోగ్రామును పరీక్షించిన వారిలో నేనూ ఒకణ్ణి.

మన బోధన్ వైపు చెరకు వేసిన వారికి కాంటా సంగతి తెలుసు. కాంటా నిజం చెబుతోందా అన్నది చెరకు బండిని ఎక్కిస్తే తెలియదు. బండి బరువు మనకు ముందే తెలియదు గదా! బరువు తెలిసిన ముద్ర రాళ్లు పెట్టి చూడాలి. ప్రోగ్రాం పరీక్షా అంతే. జవాబు ముందే తెలిసిన లెక్కను దానికివ్వాలి.

1998లో మా కార్యాలయం కోసం పెన్షన్ లెక్కల ప్రోగ్రాం కోబాల్‌లో తయారవుతోంది. 1959లో అమెరికాలో, ఇటువంటి ఆఫీసు లెక్కల కోసమే రూపొందించిన భాష అది. అసలు రికార్డుల జోలికి పోకుండా వేరే యంత్రం మీద నకలు పెట్టారు. "సార్, మొత్తం బిల్లు ఒకేసారి చూస్తే తప్పెక్కడుందో దొరకదు. ఒక్కొక్క ముక్కనూ విడిగా చూద్దాం" అన్నాడు ప్రోగ్రాం రాసే కుర్రవాడు. ఆ ముక్కను పిలిచి, అంకెలిచ్చి, వచ్చిన జవాబును నా చీటీలోని జవాబుతో పోల్చి "సరి" లేదా "తప్పు" అని అచ్చువేసే చిన్న ప్రోగ్రాం ఒకటి రాశాడు. చీటీలు రాయడం నా వంతు.

కమ్యుటేషన్ చేసిన భాగం 15 ఏళ్లకు తిరిగి కలుస్తుందని మీకు తెలుసు. 1985 మార్చిలో కమ్యూట్ చేసిన వారికి నెలకు 400 రూపాయలు 2000 మార్చి నుంచి కలవాలని చీటీ రాశాను. యంత్రం 1998లోనే కలిపేసింది! సంవత్సరానికి రెండంకెల చోటే ఉంది. 85కు 15 కలిపితే 100. ముందున్న ఒకటి జారిపోయి 00 మిగిలింది. 98 కన్న 00 చిన్నది గనుక గడువు దాటిందనుకుంది. ఆ తప్పు కంటబడకపోతే 24 నెలల్లో 9,600 రూపాయలు అదనంగా చేరేవి. తరువాత రికవరీ నోటీసు వెళ్లేది ఎవరికి? మనవంటి ముసలివారికే.

సంవత్సరాన్ని నాలుగంకెలు చేశారు. అంతటితో పని అయిపోయిందనుకున్నాం. పాత చీటీలన్నీ మళ్లీ నడిపితే, నిన్నటిదాకా "సరి" అన్న మరో ముక్క "తప్పు" అంది. సంవత్సరం రెండక్షరాలు పెరగగా, పక్కనున్న మొత్తం రెండక్షరాలు జరిగింది. ఆ ముక్క ఇంకా పాత చోటే చదువుతోంది! అందుకే ఏ చిన్న మార్పు చేసినా చీటీలన్నీ మొదటినుంచి నడపాలి. గడువుకు ముందు నెల, గడువు నెల, తరువాతి నెల, 2000 ఫిబ్రవరి 29, ఇలా అంచుల మీది తేదీలకు తప్పక చీటీలుండాలి.

హైదరాబాద్‌లో బ్యాంకు ప్రోగ్రాములు చూసే మా మనవరాలు ఇది విని, "తాతయ్యా, దీన్నే మేము యూనిట్ టెస్ట్ అంటాం" అని నవ్వింది. పేరేదైతేనేం, చేతిలెక్క తెలిసిన గుమాస్తా లేనిదే ఆ చీటీ పుట్టదు.

మిత్రులారా, యంత్రం ఇచ్చిన అంకెకు భయపడకండి. మీ పెన్షన్ లెక్కను ఒక కాగితం మీద మీరే వేసి దాచుకోండి. ఇంటివారికీ నేర్పండి. మన ముద్ర రాయి మన దగ్గరే ఉండాలి.