వేన్నీళ్లు ఎందుకు ఆలస్యం?

కార్తీకం వచ్చిందంటే రాజమండ్రి రేవుల్లో తెల్లవారుజామునే స్నానాలు. ఇంట్లో పోసుకునేవాళ్లకు మాత్రం వేన్నీళ్లు కావాలి. వెనకటికి కోనసీమ ఇళ్లలో కొబ్బరి డొక్కలు మండించి నీళ్లు కాచేవారు. ఇప్పుడు చాలా ఇళ్లలో గ్యాస్ గీజరు. కుళాయి తిప్పగానే మంట వెలుగుతుంది. మరి వేడినీళ్లు వెంటనే రావేం?

కారణం పైపులో ఉంది. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు చల్లారిపోతాయి. ముందు అవి బయటికి రావాలి. ఆ తర్వాతే వేడివి వస్తాయి. పైపు ఎంత పొడవైతే అంత ఆలస్యం. మేడ మీద సోలార్ హీటరు, కింద స్నానాలగది అయితే ఇంకాస్త ఆలస్యం.

ఇంకో సంగతి. గ్యాస్ గీజరులో నీటి ధార చాలినంత ఉంటేనే మంట అంటుకుంటుంది. కుళాయి సన్నగా తిప్పితే ఎంతసేపు నిలబడ్డా చల్లనీళ్లే. వేడి కుళాయి బాగా తిప్పండి. ముందొచ్చే చల్లనీళ్లు బకెట్లో పట్టండి, బట్టలకో మొక్కలకో పనికొస్తాయి. కొత్తగా బిగించేటప్పుడు పైపు పొట్టిగా ఉండేలా చూడండి, దానికి వేడి నిలిపే తొడుగు వేయించండి.

కానీ పైపు పొట్టిగా ఉండాలన్నాం కదా అని గ్యాస్ గీజరును స్నానాలగది లోపల పెట్టకండి. తలుపులు మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. గీజరు గోడకు అవతల, గాలాడే చోట ఉండాలి.

మరోసారి చెబుతున్నాను. పైపు పొట్టిగా, ధార నిండుగా, గీజరు బయట.