తాళంచెవి చేతికిస్తే వైద్యం కాదు

(నెల్లూరు తీరగ్రామాల దళితవాడల కార్యకర్తలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులు కలిసి కూర్చున్న సభలో మా తరఫున చేసిన ప్రసంగ పాఠం)

అక్కలారా, అన్నలారా, ఈ మధ్యనే మన ఊళ్లకి ఉద్యోగానికొచ్చిన నర్సు చెల్లెళ్లారా,

మనం సభ పెట్టుకుంటే భూమి గురించి మాట్లాడతాం, ఇళ్లస్థలాల గురించి, శ్మశానం దారి గురించి, కేసుల గురించి మాట్లాడతాం. ఆసుపత్రి గురించి మాట్లాడేది తక్కువ. రోగం ఇంటి సంగతి, అప్పు సంగతి అనుకుంటాం. కాదు. అది కూడా కులం సంగతే.

2018 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ పుట్టినరోజున, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో దేశంలోనే మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ తెరిచారు. పాత సబ్‌సెంటర్లను మార్చి, డాక్టరు లేని చోట నర్సింగ్ చదివినవాళ్లను వైద్యం చూడమని కూర్చోబెట్టే పథకం ఇది. ఢిల్లీ వాళ్లు పెట్టిన పేరు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. మన రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీ అన్నారు. మన ముసలమ్మలకి ఈ అక్షరాలు నోరు తిరగవు. వాళ్లకి ఆమె నర్సమ్మ.

2023లో కేంద్రం ఆ సెంటర్ల పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని మార్చింది. మందిరమంట! తరతరాలుగా గుడి మెట్ల కాడ ఆగిపోయినవాళ్లం మనం. గుడి అని పేరు పెడితే మనకొచ్చేదేంది? ఆ తలుపు ఎవరి కోసం తెరుచుకుంటుంది, లోపల కూర్చున్నామెకు పని ఎవరు నేర్పారు, ఇదే మన ప్రశ్న.

కొందరు మిత్రులు అడుగుతున్నారు: "ఊళ్లో వాళ్లకి నెల్లూరు కార్పొరేట్ డాక్టరు, మనకి మాత్రం నర్సమ్మా? ఇది రెండో రకం మనుషులకి రెండో రకం వైద్యం కాదా?" న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాల.

1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి ఈ దేశంలో రిజిస్టరైన డాక్టర్లు 47 వేల పైచిలుకు. అందులో 29 వేల పైచిలుకు లైసెన్షియేట్లు, అంటే డిగ్రీ కాకుండా తక్కువ కాలం చదివి వచ్చిన ఎల్ఎంపీ డాక్టర్లు. ఇక ముందు దేశానికి ఒకే రకం డాక్టరు చాలు, డిగ్రీ డాక్టరు, అని కమిటీ తేల్చింది. కొందరు సభ్యులు ఒప్పుకోకపోయినా అదే సాగింది. ఆశయం మంచిదే. కానీ ఆ డిగ్రీ డాక్టరు బకింగ్‌హామ్ కాలవ దాటి వచ్చి మన వాడల పక్కన కాపురం పెట్టాడా? పెట్టలేదు. ఆ ఖాళీలో ఎవరు కూర్చున్నారో మీకు తెలుసు. సంచిలో సూది, సెలైన్ సీసా పెట్టుకుని తిరిగే ఆర్ఎంపీ కూర్చున్నాడు.

2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. దాని 32వ సెక్షన్ కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే పేరుతో డాక్టరు కాని వాళ్లకి పరిమితమైన లైసెన్సు ఇవ్వొచ్చునంది. డాక్టర్ల సంఘాలు భగ్గుమని సమ్మెకు దిగాయి. నకిలీ వైద్యాన్ని చట్టం చేస్తున్నారన్నారు. అయ్యా, నకిలీ వైద్యం మా వాడల్లో డెబ్బై ఏళ్లుగా నడుస్తానే ఉంది. అప్పుడెందుకు సమ్మె చెయ్యలేదు? ఇటు సర్కారు లెక్క కూడా మనకి తెలుసు. డాక్టరు జీతం కన్నా నర్సు జీతం తక్కువ. కాంట్రాక్టు అయితే ఇంకా తక్కువ.

కాబట్టి మేం రెండు మాటలు కలిపి చెప్తున్నాం. డాక్టరుకి బదులు నర్సు అంటే ఒప్పుకోం. డాక్టరుతో పాటు నర్సు అంటే రమ్మంటాం. ఈ రెంటికీ తేడా యాడ తేలుతుంది? ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి మూడు నెలల్లో తేలుతుంది. ఆమె వెనక డాక్టరు నిలబడ్డాడా, లేక తాళంచెవి, ట్యాబు, రిజిస్టర్లు చేతికిచ్చి పొమ్మన్నారా అనే దాంట్లో తేలుతుంది.

మేం తిరిగిన ఒక ఊళ్లో జరిగింది చెప్తాం. రొయ్యల గుంట కాపలా ఉండే యానాది తమ్ముడు రాత్రి గట్టు మీద నేల పడుకున్నాడు. తెల్లారేసరికి కడుపులో నొప్పి, రెప్పలు వాలిపోతున్నాయి. కాటు కనపడలేదు. కల్లు ఎక్కువైందిలే అన్నారు గుంట యజమాని మనుషులు. భార్య అతన్ని క్లినిక్కుకి నడిపించుకొచ్చింది. అక్కడున్న అమ్మాయి చేరి పది రోజులు కూడా కాలేదు. ఆ రెప్పల్ని చూసి, ఇది కట్లపాము పని అని గుర్తుపట్టింది. కట్లు కట్టనీయలేదు, కోయనీయలేదు. 108కి ఫోన్ కొట్టింది. చదువు ఆమెకు సాయం చేసింది.

కానీ పాము విషానికి మందు ఏ ఆసుపత్రిలో ఉందో, ఊపిరాడించే మిషను యాడుందో, ఏ డాక్టరుకి ఫోన్ చెయ్యాలో ఆమెకు ఎవురూ చెప్పలేదు. బండి ఒక ఆసుపత్రికి పోయింది, అక్కడ లేదన్నారు, నెల్లూరుకి పొమ్మన్నారు. ప్రాణం దక్కింది. అది అదృష్టం. మన ప్రాణాలు అదృష్టం మీద నడవాల్నా?

ఇందులో ఆ అమ్మాయి తప్పేం లేదు. మొదట్లో నర్సులకి ఇగ్నో నుంచి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టారు. తర్వాత ఆ పాఠాలను నర్సింగ్ డిగ్రీలోనే కలిపారు. పుస్తకం ఉంది, పరీక్ష ఉంది. కానీ పుస్తకంలో మన ఊరు లేదు. యానాదుల గుడిసెలు ఏ గుంట గట్టున ఉన్నాయో, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పనిచేసే ఆడోళ్లు ఎన్నింటికి ఇల్లు చేరతారో పుస్తకంలో లేదు. అది పక్కన నిలబడి చూపించాల.

బయటి దేశాల వాళ్లు కూడా ఇది దెబ్బ తిన్నాకే నేర్చుకున్నారు. అమెరికాలో 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ చదువు మొదలుపెట్టారు. అదే ఏడాది డ్యూక్ యూనివర్సిటీలో నేవీలో వైద్యసహాయకులుగా చేసొచ్చిన నలుగురితో ఫిజీషియన్ అసిస్టెంట్ చదువు మొదలైంది. చదువై బయటికొచ్చిన వాళ్లను నేరుగా రోగుల వరస ముందు కూర్చోబెడితే తట్టుకోలేక పోతున్నారని, 2007లో కనెక్టికట్‌లోని ఒక వైద్యకేంద్రం కొత్త నర్స్ ప్రాక్టీషనర్లకి ఏడాది పాటు పెద్దవాళ్ల పక్కన పని నేర్పే పద్ధతి తెచ్చింది. గమనించండి, అది కూడా పేదోళ్లు పోయే కేంద్రమే. పేదోళ్ల దగ్గరికి పంపే మనిషికి ఎక్కువ నేర్పి పంపాల అనేదే వాళ్లు తెలుసుకున్నది. మన దగ్గర తలకిందులు.

అందుకే మా డిమాండ్లు ఇవి.

ఒకటి. కొత్తగా చేరిన నర్సు మొదటి నెల పీహెచ్‌సీలో డాక్టరు పక్కన కూర్చుని ఓపీ చూడాల. ఆ తర్వాతే క్లినిక్కు తాళం. మూడు నెలల దాకా వారానికి ఒక రోజు మళ్లీ డాక్టరు దగ్గర.

రెండు. ఆమె సొంతంగా చేసేది ఏది, ఫోన్‌లో అడిగి చేసేది ఏది, చెయ్యి వెయ్యకుండా పంపెయ్యాల్సింది ఏది, తెలుగులో ఒక కాగితం మీద రాసి గోడకి అంటించాల. బీపీకి, షుగరుకి మందు మొదలుపెట్టేది డాక్టరు, ఆ తర్వాత నెలనెలా చూసి ఇచ్చేది ఈమె. ఈ సంగతి రోగికి కూడా తెలియాల. అదే కాగితంలో పాము మందు, ఊపిరి మిషను ఉన్న ఆసుపత్రుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాల.

మూడు. 2019 నవంబరులో ఈ-సంజీవని ఫోన్ వైద్యం ఈ సెంటర్లకి మన రాష్ట్రం నుంచే మొదలైంది. లెక్క నింపటానికి కాదు అది. అడిగినప్పుడు అవతల డాక్టరు పలకాల. వారానికోసారి ఆమె రాసిన చీటీలను డాక్టరు ఆమెతో కూర్చుని చూడాల, తిట్టటానికి కాదు, నేర్పటానికి.

నాలుగు. మొదటి వారం ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో కలిసి ఆమె ఇల్లిల్లూ తిరగాల. మొదట మాలవాడ, మాదిగవాడ, యానాది సంఘం. ఆధార్ లేదని గుంట గట్టు మీద కుటుంబాన్ని రిజిస్టరులో వదిలెయ్యకూడదు. ఇరవై ఏళ్లుగా తిరిగిన ఏఎన్ఎం అక్కకి తెలిసింది ఏ డిగ్రీలోనూ లేదు. కొత్త చెల్లెలు ఆమెను అక్కా అని పిలిచి నేర్చుకోవాల.

అయిదు. క్లినిక్కు ఊరి మధ్యలో ఉంటే, వారానికి రెండు పూటలు వాడలో కూర్చోవాల.

ఆరు. జీతం నెలనెలా రావాల. ఉద్యోగం పర్మినెంటు కావాల. రేపు ఉంటుందో లేదో తెలియని ఉద్యోగంలో ఎవురూ ఊరిని గుండెకి తీసుకోలేరు.

ఇప్పుడు మనలో మన మాట. ఈ నర్సులు ఎవురు? నెత్తురు, మలమూత్రాలు మైల అని పై కులాల వాళ్లు తమ ఆడపిల్లల్ని ఈ పనికి పంపని రోజుల్లో, మిషన్ ఆసుపత్రుల్లో ఆ పని నేర్చుకున్నది మన అమ్మమ్మలు. ఈ జిల్లాలో 1840 నుంచి బాప్టిస్టు మిషన్ ఉంది. నర్సు తెల్లబట్ట వెనక మాల మాదిగ ఆడదాని చెమట ఉంది. 1897లో పూనాలో ప్లేగు వస్తే, రోగుల్ని తాకి సేవచేసి, ఆ ప్లేగుతోనే మార్చి 10న ప్రాణం వదిలింది మన సావిత్రీబాయి ఫూలే. ఇది మన వారసత్వం. ఈ రోజు అన్ని కులాల పిల్లలూ ఈ చదువుకొస్తున్నారు, మంచిదే. కానీ వచ్చిన పిల్ల మన పిల్ల అయితే ఊళ్లో అద్దెకి గది దొరకదు. "మీరేమిట్లు?" అని అడిగి తలుపేస్తారు. ఆమె ముట్టుకుని బీపీ చూస్తానంటే చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్లు ఉన్నారు. కులం పేరుతో దూషిస్తే 1989 చట్టం ఉంది. ఆ అమ్మాయి ఒంటరిగా పోలీస్ స్టేషను మెట్లు ఎక్కకూడదు. మనం వెంట పోవాల.

ఆమె వేరే కులం పిల్ల అయితే కూడా మన పని తప్పదు. ఆమెకు వాడ తెలియదు. భయం ఉంటుంది. చెయ్యి పట్టి తిప్పాల్సింది మనమే. ఇంకో మాట. సూది వెయ్యలేదని, "ఈమెకేం తెలుసు, చిన్నపిల్ల" అని లేచి ఆర్ఎంపీ దగ్గరికి పోయేది కూడా మనమే. అవసరం లేని సూది వెయ్యనన్న పిల్లే నిజంగా చదివిన పిల్ల. ఆ మాట మన ముసలోళ్లకి మనం చెప్పాల.

నర్సు చెల్లెళ్లారా, మీకు తెలియంది తెలియదని చెప్పటానికి సిగ్గుపడొద్దు. డాక్టరుకి రాత్రి ఫోన్ చెయ్యటానికి భయపడొద్దు. ఆయన విసుక్కుంటే ఆ విసుగు మాకు చెప్పండి. మీరు పంపెయ్యాల్సిన రోగిని మొహమాటంతో ఉంచుకుంటే పోయేది మా ప్రాణం. మీరు ధైర్యంగా చూడగలిగిన రోగిని భయంతో పంపేస్తే పోయేది మా కూలి.

ఈ నెలలోనే మన మండలాల్లోని ప్రతి క్లినిక్కుకి పోదాం. గోడ మీద ఆ కాగితం ఉందా, డాక్టరు పక్కన ఆమెను ఎన్నాళ్లు కూర్చోబెట్టారు, యానాది ఇళ్లు రిజిస్టరులో ఎక్కాయా, మూడే ప్రశ్నలు అడిగి రాసుకొద్దాం. ఆ రాసింది తీసుకుని జిల్లా వైద్యాధికారి ముందు కూర్చుందాం. మందిరం అన్నారు కదా. తలుపు తెరిచి, లోపల చెయ్యి తిరిగిన మనిషిని కూర్చోబెట్టేదాకా మెట్ల మీదనే కూర్చుందాం. మనకి మెట్లు కొత్త కాదు.

జై భీమ్!