యాంటీఫ్యూజు: కలిసిన పిదప విడని తీగ



మన ఇండ్లలోని ఫ్యూజు తీగను ఎరుగనివారు లేరు. విద్యుత్తు మితిమీరినచో అది కరగి తెగిపోవును. నేడు నేను మనవి చేయదలచిన యాంటీఫ్యూజు దీనికి సరిగా వ్యతిరేకము. అది మొదట తెగియే యుండును. తగినంత వోల్టేజి సోకినచో కలియును. కలిసినది మరల విడదు. దీనికొక సంస్కృత నామము కల్పించి మిమ్ము శ్రమపెట్టను.

కొన్ని చిప్పులకు, తయారైన పిమ్మట, మనకు వలసిన పనిని నేర్పవచ్చును. ఏ తీగను ఏ తీగతో కలుపవలెనో నిర్ణయించుటయే ఆ నేర్పుట. జైలింక్సు సంస్థ 1985లో వెలువరించిన చిప్పులో ఈ నిర్ణయము జ్ఞాపక కణములలో నుండును. విద్యుత్తు ఆగినచో చెరగిపోవును. ఆక్టెల్ సంస్థ 1988లో తెచ్చిన చిప్పులలో తీగలు కలియు చోట్ల యాంటీఫ్యూజులు కలవు, ఒక్కొక్క చిప్పులో లక్షకు పైగా. రెండు వాహకముల నడుమ అతి పలుచని పొర యుండును. 5 వోల్టులతో పనిచేయు ఆ చిప్పునకు సుమారు 18 వోల్టులు క్షణకాలము తగిలించినచో పొర చీలి, సన్నని సిలికాను దారి యేర్పడును. పొరపాటున కలిపితిరా, చిప్పును పారవేయవలసినదే!

అంతరిక్షమున ఈ మొండితనమే గుణమైనది. అచ్చట వేగముగ వచ్చు కణమొకటి తాకి జ్ఞాపక కణములోని 0ను 1గా మార్చవచ్చును. యాంటీఫ్యూజు కలిపిన దారిని అట్లు మార్చజాలదు. చిప్పులోని ఫ్లిప్‌ఫ్లాపులకు మాత్రము ఆ బాధ తప్పలేదు.

అయినను తీగలు స్థిరమైనంతనే చిప్పు మేల్కొను క్షణము స్థిరము కాదు. నాసా 1999 మార్చి 4న వైర్ అను పరారుణ దూరదర్శినిని పంపెను. నాలుగు మాసముల పని. గడ్డకట్టిన హైడ్రోజను దానిని చల్లగా నుంచవలెను. మూతను విడిపించు పెట్టెలో ఆక్టెల్ చిప్పు కలదు. పెట్టెకు విద్యుత్తు నిచ్చినంతనే, చిప్పు పూర్తిగా మేల్కొనకముందే, ఎవరును కోరని సంకేతము వెలువడి మూత ఎగిరిపోయెను. హైడ్రోజను ఆవిరియై వెడలుచు ఉపగ్రహమును గిరగిర త్రిప్పెను. శాస్త్రజ్ఞులు కోరిన పరిశీలన యావత్తు నష్టమాయెను. చిప్పు చెడలేదని విచారణలో తేలినది. ఆరంభక్షణపు ఆ నడవడి ముందే తెలిసినదే. సర్క్యూటు రచనలో దానికి అడ్డు కట్టలేదు.

ఉపగ్రహము మాత్రము మిగిలెను. దిక్కు తెలియుటకై అమర్చిన చిన్న నక్షత్ర కెమెరాతో తారల కాంతిలోని సూక్ష్మ కంపనములను కొలిచిరి. 2011 మే నెలలో అది భూవాతావరణమున ప్రవేశించెను.