పాత కారునకు అడుగు రక్ష

కారు గలవారు ప్రతిదినము తుడుచునది దాని పైభాగము; కారును నిలిపియుంచునది దాని అడుగుభాగము. పైన చిన్న గీత పడినచో ఇంటిల్లిపాదియు చూచి చింతింతురు. క్రింద రంధ్రము పడినను ఎవరికిని తెలియదు, తెలియునప్పటికి ఆలస్యమైపోవును. అట్టి ఆలస్యము మాకును జరిగినది. ఆ అనుభవమును మొదట చెప్పి, పాత కారును బాగుచేయించి ఉంచుకొన్నవారు దాని అడుగును రాళ్ల దెబ్బలనుండి, తుప్పునుండి ఎట్లు కాపాడుకొనవలెనో వివరింతుము.

మా ఇంట 1968 నాటి అంబాసిడర్ కారు ఒకటి కలదు. మా పెద్దలు సూర్యాపేటలో వాడిన కారు అది. పెండ్లికైనను, ఆసుపత్రికైనను, పొలమునకైనను, చివరకు ఎరువుల బస్తాలకైనను అదియే ఆధారము. కొన్నేండ్లు రేకుల పాకలో మూలబడియుండిన తరువాత దానిని మరల నడిపింపవలెనని మాకు బుద్ధి పుట్టినది. ఇంజను విప్పించి కట్టించితిమి. సీట్లకు క్రొత్త గుడ్డ వేయించితిమి. పాలవంటి తెల్లరంగు కొట్టించితిమి. అడుగున ఏమి చేసినారని అడుగగా, "తారు పూత దళసరిగా కొట్టినాము, పదేండ్లదాకా వంగి చూడనక్కరలేదు" అని పనివారు చెప్పిరి. వంగి చూచితిమి. నల్లగా, నున్నగా ఉన్నది. సంతోషించి ఇంటికి తెచ్చుకొంటిమి.

రెండు వానకాలములు గడచినవి. ఒకనాడు మిర్యాలగూడనుండి వచ్చుచుండగా దారిలో చక్రము పంక్చరైనది. కారులోని పెద్దవారిని దింపి, చెట్టునీడను కూర్చుండబెట్టి, జాకీ పెట్టి ఎత్తబోతిమి. కారు లేవలేదు. జాకీ తల మాత్రము కరకరమని చప్పుడు చేయుచు తలుపు క్రింది రేకుపెట్టెలోనికి దిగబడినది. చేయి పెట్టి చూడగా ఎర్రని పొడి గుప్పెడు రాలినది. తెల్లగా మెరయుచున్న ఆ కారు క్రింద అసలు ఇనుమే మిగులలేదని మాకప్పుడు తెలిసినది.

సూర్యాపేటలో వృద్ధుడగు ఒక మెకానిక్ దానిని చూచెను. స్క్రూడ్రైవరు కొనతో ఆ నల్లపూతను పట్టి లాగగా, పెనముమీది అట్టువలె అరచేయంత ముక్క ఊడివచ్చినది. దాని వెనుక తడి, ఆ తడిలో తుప్పు. "ఇది కవచం కాదు సారూ, మూత. తడిని లోపలబెట్టి మూతబెట్టిన్రు" అని అతడనెను. మేము నేడు చెప్పదలచినదంతయు ఆ ఒక్క మాటలోనే ఉన్నది. మూత వేరు, కవచము వేరు. శుభ్రమైన, పొడియైన ఇనుముమీద పూసినది కవచము. మురికి మీదను, తుప్పు మీదను పూసినది మూత. మూత వేయుటకంటె ఏమియు పూయకుండుటయే మేలు. ఏమియు పూయనిచో కనీసము రోగము కంటికి కనబడును.

తుప్పు అనుడు, చిలుము అనుడు, జంగు అనుడు, దాని పుట్టుక ఒక్కటే. ఇనుమునకు నీరును, గాలిలోని ఆమ్లజనియు కలిసి తగిలినప్పుడు అది పుట్టును. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తగులకపోయినను పుట్టదు. ఉప్పు తోడైనచో త్వరితముగా పెరుగును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. కనుకనే పూత క్రింద ఒకచోట పుట్టిన తుప్పు ఉబ్బి, చుట్టునున్న పూతను లేవనెత్తి, ఆ సందులోనికి మరికొంత నీటిని పిలుచుకొనును.

నీటికి మొదటి ద్వారము తెరచునది రాయి. చక్రము క్రిందినుండి ఎగిరిన కంకరరాయి మడ్‌గార్డు లోపలి రేకును, ముందుచక్రము వెనుకనున్న అడుగుభాగమును కొట్టును. దెబ్బ తగిలినచోట శనగగింజంత పూత పోవును. వేగము రెట్టింపైనచో రాయి దెబ్బలోని శక్తి నాలుగు రెట్లగును. గంటకు 40 కిలోమీటర్లలో రాయి చేయునది గీతయైనచో, 80 కిలోమీటర్లలో చేయునది గాయము. మా పెద్దలు హైదరాబాదు–విజయవాడ మార్గమున నెమ్మదిగా సాగిరి. పూర్వము 9వ నంబరుగా ఉండి, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారియైన ఆ మార్గము నేడు నాలుగు వరుసలై, పాత కారును సైతము వేగమునకు పురికొల్పుచున్నది. ఇక రహదారి దిగి పల్లెబాట పట్టినచో, క్రొత్తగా పరచిన కంకరచిప్స్ ఎటులును తప్పవు.

చలిదేశములలో మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. అక్కడి కార్లను తినివేయునది ఆ ఉప్పే. మనకు ఆ బాధ లేదని మేమును అనుకొంటిమి. కాని మన ఉప్పు వేరొక రూపమున వచ్చును. పొలమునకు వేయు పొటాష్ ఎరువు, అనగా మ్యూరేట్ ఆఫ్ పొటాష్, క్లోరైడు జాతి లవణమే. డిక్కీలో బస్తా చినిగి రాలిన పొటాష్ గింజలు చెమ్మను పీల్చి, మూలలలో చేరి, రేకును మెల్లగా కొరికివేయును. మా కారు డిక్కీ అడుగు అట్లే పోయినది. సాగరు ఎడమకాలువ క్రింది ఊళ్లలో దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్లు రోడ్లమీద విడుచు బురద మడ్‌గార్డుల లోపల పేరుకొని, తడిగుడ్డవలె రోజులతరబడి చెమ్మను నిలుపును. కోతలనాడు రోడ్లపై ఆరబోసిన వడ్లు, గడ్డి చక్రములకు చుట్టుకొని అడుగున చిక్కుకొనును. ఆ గడ్డి నీటిని పట్టియుంచుటయే కాదు. వేడెక్కిన సైలెన్సరునకు తగిలి అంటుకొను ప్రమాదమును కలదు.

అంబాసిడర్ విషయమున అడుగునకు ఇంత ప్రాముఖ్య మేల యని అడుగవచ్చును. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైనది. ఆనాటి ఆల్బియన్ బస్సులవంటి వాహనములకు దళసరి ఉక్కు దూలములతో వేరుగా ఒక ఛాసిస్ ఉండెడిది. బాడీని దానిపై కట్టెడివారు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కారునకును ఛాసిస్ వేరుగానే ఉన్నది. ఇంగ్లాండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి నమూనాపై, ఉత్తరపాడాలోని హిందుస్థాన్ మోటార్స్ చేసిన అంబాసిడర్ అట్టిది కాదు. దానియందు నేలరేకు, ప్రక్కపెట్టెలు, మడ్‌గార్డు లోపలి భాగములు అన్నియు కలిసి వెల్డింగుచే ఒక్కటియై, అవియే బరువును మోయును. కనుక అడుగు తుప్పుపట్టుట అందము చెడుట కాదు, వెన్నెముక చెడుట. ఆ కార్ల తయారీ 2014తో నిలిచిపోయినది. క్రొత్త బాడీ తెచ్చి మార్చుకొందుమనుటకు దారి మూసికొనిపోయినది.

ఇక చేయవలసిన పని. దీనికి ఏప్రిల్, మే నెలలు అనుకూలము. మన ఎండ మనకు ఉచితముగా దొరకిన ఆరబెట్టు యంత్రము. మొదట అడుగును ధారాళముగా నీటితో కడిగించి, రెండు మూడు దినములు పూర్తిగా ఆరనీయవలెను. తరువాత పాత పూతను గీకి తీయవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును గనుక ముక్కునకు తగిన మాస్కు లేకుండ ఈ పని చేయరాదు. కేవలము జాకీమీద నిలిపిన కారు క్రిందికి ఎవరును దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టి తీరవలెను.

ఇనుము బయటపడిన పిదప, చిన్న సుత్తితో అంగుళమంగుళము కొట్టి వినవలెను. సంతలో కుండను కొనునప్పుడు వ్రేలితో కొట్టి చూతుము గదా, ఇదియు అంతే. మంచి రేకు ఖణీలుమనును; పుచ్చిన రేకు బొదబొదమనును. పుచ్చినదానిని కోసివేసి, క్రొత్త రేకు వెల్డింగు చేయింపవలెను. తుప్పుమీదనే అతుకు వేయుట మరల మూత వేయుటయే. వెల్డింగునకు ముందు పెట్రోలు ట్యాంకును తీసి దూరముగా ఉంచవలెను, బ్యాటరీ తీగలను విప్పవలెను.

ఇనుప తీగల బ్రష్షుతో ఎంత రుద్దినను గుంటలలో కొంత పలుచని తుప్పు మిగులును. దానికి టానిక్ ఆమ్లము గాని, ఫాస్ఫారిక్ ఆమ్లము గాని గల ద్రావకములు దొరకును. టానిక్ ఆమ్లము తగిలిన తుప్పు నీలినలుపుగా మారును. పూర్వము కరక్కాయను, అన్నభేదిని కలిపి సిరా చేసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. కరక్కాయలోని పదార్థము ఇనుమును కలిసినప్పుడు పుట్టెడి నలుపే అది. కాని ఈ మందు పలుచని తుప్పునకే పనిచేయును. పొరలుపొరలుగా లేచినదానిపై పోయుట వ్యర్థము.

దానిపై ఎపాక్సీ ప్రైమరు రెండు పలుచని పొరలుగా కొట్టవలెను. రెండు రేకులు కలియు అతుకులలో సీలరు నింపవలెను. నిజమైన తుప్పు రక్ష ఈ ప్రైమరే. అది గట్టిపడిన పిదప రాళ్ల దెబ్బకై రబ్బరు గుణము గల పూత వేయవలెను. రాయి తగిలినప్పుడు పగులక, కొంచెము లోబడి మరల నిలుచుట ఈ పూత గుణము. ముసలిదైన తారుపూత గట్టిపడి నెర్రెలు విచ్చును. ఆ నెర్రెలలోనికే నీరు దూరును. రబ్బరు పూతయు దళసరిగా ఒక్కసారి కాక, పలుచగా రెండుసార్లు పూయవలెను. అన్నింటికంటె చౌకైన రాళ్ల రక్ష మరియొకటి కలదు. అది చక్రముల వెనుక వ్రేలాడు రబ్బరు మడ్‌ఫ్లాపు. పాతవి ఊడిపోయినచో ముందు వానిని పెట్టింపుడు.

ఆఖరి పని, మూసిన పెట్టెల లోపలికి మైనము వంటి ద్రవమును సన్నని గొట్టముతో చిమ్ముట. తుప్పు లోపలినుండియు వచ్చును గనుక ఇది మానరాదు. మైనముమీద రంగు అంటదు గనుక దీనిని అన్నిటికంటె చివరనే చేయవలెను. ఆ పెట్టెలకు నీరు కారిపోవుటకు అడుగున చిన్న రంధ్రములు ఉండును. మా కారునకు తారు కొట్టినవారు వానినన్నిటిని పూడ్చివేసిరి. మా కీడునకు అదియే పెద్ద కారణము. పూత ముగిసిన తరువాత ఒక తీగతో ఆ రంధ్రములు తెరచియున్నవో లేవో చూచుకొనవలెను.

పూయకూడని చోట్లును కలవు. సైలెన్సరు గొట్టమునకు పూసినచో వేడికి కాలి పొగ వచ్చును. తిరుగుచుండు ప్రొపెల్లరు షాఫ్టునకు పూత అంటినచో బరువు సమతూకము చెడి వణకు పుట్టును. కమాను పట్టీలు, హ్యాండుబ్రేకు తీగ, బ్రేకు డ్రమ్ములు, రబ్బరు బుష్షులు వీనికి కాగితము చుట్టి, టేపు అంటించిన తరువాతనే పని మొదలుపెట్టవలెను. బ్రేకు గొట్టములను నల్లపూతలో పాతిపెట్టరాదు. అవి కంటికి కనబడుచుండవలెను.

ఇంత చేసినను ఏటికి రెండుసార్లు వంగి చూడక తప్పదు. తొలకరికి ముందొకసారి, దీపావళి దాటిన తరువాత మరియొకసారి. బురదలో తిరిగివచ్చిన దినమున పైభాగము కడుగకున్నను, మడ్‌గార్డుల లోపల మాత్రము నీళ్లు కొట్టుడు.

ఈ శ్రమకు మరియొక ప్రయోజనము కలదు. 2021లో కేంద్రప్రభుత్వము పాత వాహనములకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషన్ నాటినుండి 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు లేక అసలు రూపున నిలిచిన వాహనములకే వింటేజి గుర్తింపు. అట్టి వాహనమును ప్రదర్శనలు, ర్యాలీలవంటి వానికే గాని నిత్యావసరములకు నడుపరాదు. కనుక రోజూ నడుపుకొనువారు సాధారణ రిజిస్ట్రేషన్‌లోనే ఉండవలెను. ఏ దారి ఎంచుకొన్నను, తుప్పు తినివేసిన అసలు రూపమును తెచ్చి ఇచ్చు నియమము లేదు.

మా కారునకు పని మరల మొదటినుండి చేయించితిమి. పైరంగునకు ముందు వెచ్చించినదానికంటె అడుగునకే ఎక్కువ దినములు పట్టినవి. గత దీపావళి తరువాత వంగి చూడగా ఎడమ ముందుచక్రము వెనుక ఒకచోట రాయి తగిలి, శనగగింజంత పూత పోయి, ఇనుము తెల్లగా కనబడినది. ఇంకను తుప్పు పట్టలేదు. గరుకు కాగితముతో రుద్ది, ప్రైమరు చుక్క పెట్టి, ఆరిన తరువాత పైపూత అద్దితిమి. అప్పుడే అదే చోట జాకీ పెట్టి కారును ఎత్తి చూచితిమి. చప్పుడు లేకుండ లేచినది.