మరబోటు ముందు అద్దం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. నిజాంపట్నం రేవులో మరమ్మతులకు అనువైన కాలం ఇదే. ఈసారి చుక్కాని గది ముందు అద్దాన్నీ చూసుకోండి.

మామూలు అద్దం అల దెబ్బకు పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. టఫెన్డ్ అద్దం చిన్న పలుకులుగా రాలుతుంది. లామినేటెడ్ అద్దం పగిలినా మధ్య పొరకు అంటుకుని ఉంటుంది. టఫెన్డ్ అద్దాన్ని తయారయ్యాక కోయలేం. అందుకే ముందే అట్టతో అచ్చు తీసి, బెజ్జాలతో సహా కొలతలు ఇవ్వాలి.

బిగించేటప్పుడు అద్దం ఫ్రేముకు నేరుగా తగలకూడదు. చుట్టూ రబ్బరు పట్టీ వేసి, సందుల్లో సీలెంట్ నింపాలి. ఇంజను అదురును ఆ మెత్తదనమే తట్టుకుంటుంది. ఉప్పుగాలికి ఇనుప మరలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.

చివరగా పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి చూడండి. లోపలికి చుక్క రాకపోతేనే పని పూర్తయినట్టు.