తోమా ఎనిమిది రోజులు

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఎవరికి తోచిన విషయం మీద వాళ్లు పది నిమిషాలు మాట్లాడమన్నారు కమిటీవారు. ముప్పై ఏళ్లుగా వంతెనల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి సిమెంటు, ఉక్కు గురించి చెబుతానని మీరు అనుకుని ఉంటారు. అదీ కొంచెం చెబుతాను. ముందు మాత్రం విశ్వాసం గురించి, సందేహం గురించి మాట్లాడతాను. నేను పుట్టి పెరిగింది క్రైస్తవ కుటుంబంలో. ఉదాహరణలు నాకు తెలిసిన చోటి నుంచే తెస్తాను. బోధ చేయడానికి రాలేదు. మీ మీ ఇళ్లలో ఇదే సంగతి వేరే పేర్లతో ఉండే ఉంటుంది.

యేసు శిష్యుల్లో తోమా ఒకడు. పేరు చెప్పగానే 'ఆ, సందేహించినవాడు' అంటారు. కానీ యూదయకు వెళితే ప్రాణాపాయమని తోటివాళ్లు జంకుతుంటే, ఆయనతోపాటే చనిపోదాం పదండి అన్నది ఈ తోమాయే. యోహాను సువార్త 11వ అధ్యాయంలో ఉంది. అదే తోమా, యేసు తిరిగి లేచాడని మిగతావాళ్లు చెప్పినప్పుడు మాత్రం, గాయాలు కళ్లారా చూసి చేత్తో తాకితే తప్ప నమ్మనన్నాడు.

ఎనిమిది రోజుల తర్వాత శిష్యులు మళ్లీ తలుపులు మూసుకుని కూడినప్పుడు తోమా వాళ్లతోనే ఉన్నాడు. ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి ఇదే. వాళ్లు అతణ్ని వెళ్లగొట్టలేదు. అతనూ అలిగి వెళ్లిపోలేదు. చివరికి యేసు గాయాలు చూపినప్పుడు తోమా నిజంగా తాకాడా లేదా అన్నది సువార్తలో రాసి లేదు. తాను పెట్టిన షరతు పట్టుకుని కూర్చోకుండా అక్కడే ఒప్పుకున్నాడు. మారడానికి సిద్ధపడే అడిగాడన్నమాట. ఆ తోమా మన దేశానికి వచ్చాడని కేరళ క్రైస్తవుల సంప్రదాయం. చెన్నై విమానాశ్రయం దగ్గరి సెయింట్ థామస్ మౌంట్ ఆయన పేరు మీదే ఉంది.

మారవలసింది సందేహించేవాడేనా? పేతురు సంఘానికి పెద్ద. యూదులు కానివాళ్లతో కలిసి తినకూడదని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నవాడు. యొప్పేలో మిద్దె మీద ప్రార్థనలో ఉండగా దర్శనం కలిగి, కైసరయలో కొర్నేలీ అనే రోమా శతాధిపతి ఇంటి గడప తొక్కాడు. యెరూషలేముకు వచ్చాక, వాళ్లతో ఎందుకు తిన్నావని సొంతవాళ్లే నిలదీశారు. అంతటితో అయిపోలేదు. తర్వాత అంతియొకయలో కొందరు వచ్చేసరికి భయపడి, అదే పేతురు ఆ పంక్తి నుంచి తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుటే తప్పుపట్టాడు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఇది ఉంది. మనిషి ఒకసారి మారితే సరిపోదు, ఆ మార్పును మళ్లీ మళ్లీ నిలబెట్టుకోవాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, రెండేళ్ల కిందట మా అమ్మాయి, "నాన్నా, నమ్ముతున్నానని అబద్ధం చెప్పలేను" అంది. మా నాన్న సంఘ పెద్దగా పనిచేసిన ఇల్లు మాది. వాళ్లమ్మ చాలా రోజులు దిగులుపడింది. మేము చేసింది ఒక్కటే. రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆమె చోటు ఆమెకు ఉంచాం. వస్తుంది, పాట పాడదు, కూర్చుంటుంది. అయ్యాక ప్రశ్నలు వేస్తుంది. ఒకరోజు అడిగింది: "పేతురు కొర్నేలీ ఇంటికి వెళ్లాడని చదువుతాం కదా, మరి మనవాళ్లు పెళ్లి సంబంధానికి ముందు కులం ఎందుకు అడుగుతారు?" నా దగ్గర జవాబు లేదు. మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ఇకమీదట ఆ ప్రశ్న మా ఇంటి నుంచి వెళ్లకూడదని నేనూ, మా ఆవిడా అనుకున్నాం. బంధువుల్లో కొందరు ముఖం చాటేశారు. అమ్మాయి ఇంకా నమ్మడం లేదు. నేను నమ్ముతున్నాను. కానీ నా విశ్వాసాన్ని కదిలించి మెరుగుపరచింది నమ్మలేనన్న ఆ పిల్లే.

ఇక వంతెన సంగతి. 100 మీటర్ల ఉక్కు గర్డరు, వేడి 30 డిగ్రీలు పెరిగితే సుమారు 36 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే ఒక చివర కదలకుండా బిగిస్తాం, రెండో చివర జరగడానికి వీలుండే బేరింగు మీద పెడతాం. రెండు వైపులా బిగిస్తే సాగే గర్డరు స్తంభాలను నెడుతుంది, పగుళ్లు వస్తాయి. రెండు వైపులా వదిలేస్తే వంతెన చోటు తప్పుతుంది. నమ్మకం ఉన్న మనిషికీ ఈ రెండూ కావాలని నా అనుభవం.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. తరగతిలోనో ఇంట్లోనో ఒక పిల్ల "నాకు నమ్మకం కుదరడం లేదు" అంటే తొందరపడి తలుపు చూపించకండి. తోమాకు దొరికిన ఆ ఎనిమిది రోజులు ఆ పిల్లకూ దొరకనివ్వండి. ఈలోగా మనం మారవలసింది ఏమైనా ఉందేమో చూసుకుందాం. ఎనిమిది రోజులు ఎనిమిదేళ్లయినా సరే, ఆ చోటు అలాగే ఉంచుదాం.